తోటల నీడలో మేత గడ్డి, పప్పుజాతి విత్తన మిశ్రమం: ఎక్కడ చల్లాలి, ఎలా నిలబెట్టాలి

మామిడి, జీడి, కొబ్బరి తోటలున్న సన్నకారు రైతులు చాలామంది ఒకటి రెండు పాడి పశువులను కూడా పెంచుతుంటారు. తోటలో చెట్ల మధ్య నేల ఏడాది పొడవునా ఖాళీగా ఉంటుంది. పశువుకు మాత్రం వేసవి వచ్చేసరికి ఎండు వరిగడ్డే గతి అవుతుంది. ఈ ఖాళీ నేలలో మేత గడ్డి, పప్పుజాతి మేత పైర్లు కలిపి పెంచితే పచ్చిమేత దొరుకుతుంది. వాలు నేలల్లో వాన నీటికి మట్టి కొట్టుకుపోదు, కలుపు తగ్గుతుంది. పప్పుజాతి పైర్ల వల్ల నేలకు నత్రజని కూడా అందుతుంది.

అయితే ఈ ప్రయత్నం చేసి నష్టపోయిన రైతులూ తక్కువేమీ కాదు. తొలకరికి విత్తనం కొని చల్లుతారు. పది, పదిహేను రోజులకు నేలంతా పచ్చగా మొలక కనిపిస్తుంది. నెల తిరిగేసరికి మొక్కలు సన్నగా, పొడుగ్గా సాగి, పాలిపోయి ఒక్కొక్కటిగా చనిపోతాయి. "విత్తనం నకిలీది" అనుకుంటారు. విత్తనం మంచిదే అయినా ఇలా జరగవచ్చు. నీడను అంచనా వేయకపోవడం, నీడకు తట్టుకోని రకం ఎంచుకోవడం, ఆకు చెత్త మీదే విత్తనం చల్లడం ఇందుకు ముఖ్య కారణాలు. ఇంకొందరి తోటల్లో గడ్డి బాగా వచ్చింది గానీ మామిడి పూత దెబ్బతిన్నది. ఈ రెండు నష్టాలూ రాకుండా ఏం చేయాలో చూద్దాం.

ముందుగా నీడను కొలవాలి

ఒకే తోటలో కూడా నీడ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. చెట్టు మొదట్లో చిక్కగా, రెండు వరుసల నడుమ పలుచగా ఉంటుంది. కంటితో చూసి అంచనా వేస్తే ఎక్కువసార్లు పొరబడతాం. దీనికి ఖర్చులేని పద్ధతి ఒకటి ఉంది.

- 20 మీటర్ల తాడు తీసుకుని, మీటరుకు ఒకటి చొప్పున 20 ముడులు వేసుకోవాలి.
- మబ్బు లేని రోజున రెండు చెట్ల వరుసల మధ్య తాడును ఏటవాలుగా నేలపై పరచాలి.
- ఉదయం 10 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు, సాయంత్రం 3 గంటలకు ఎన్ని ముడుల మీద ఎండ పడుతోందో లెక్కించాలి.
- మూడు లెక్కలు కూడి మూడుతో భాగిస్తే సగటు వస్తుంది. తోటలో కనీసం మూడు చోట్ల ఇలా చూడాలి.

సగటున 10 లేదా అంతకంటే ఎక్కువ ముడుల మీద ఎండ ఉంటే ఆ చోట విత్తన మిశ్రమం చల్లుకోవచ్చు. 5 నుంచి 10 మధ్య ఉంటే విత్తనం కంటే గడ్డి పిలకలు నాటుకోవడం మేలు. 5 కంటే తక్కువైతే అక్కడ మేత మీద డబ్బు పెట్టకపోవడమే మంచిది. రాలిన ఆకును అక్కడే మల్చింగ్‌గా వదిలేయాలి.

ఈ కొలత కొమ్మల కత్తిరింపు పూర్తయ్యాక చేయాలి. కోత తర్వాత ఎండుకొమ్మలు, లోపలికి పెరిగిన కొమ్మలు, నేలకు వాలిన కొమ్మలు తీసేస్తే నేల మీదకు వెలుతురు బాగా పెరుగుతుంది. కత్తిరింపు చెట్టుకూ మంచిదే కాబట్టి ఆ పని ముందు ముగించాలి.

ఏ తోటలో ఎంతవరకు వీలవుతుంది?

*మామిడి:* 33 అడుగుల దూరంలో నాటిన పాత పద్ధతి తోటల్లో ఎకరాకు 40 చెట్లు ఉంటాయి. చెట్టు మొదలు నుంచి రెండు వైపులా ఆరున్నర అడుగుల చొప్పున వదిలినా మధ్యలో 20 అడుగుల పట్టీ మిగులుతుంది. అంటే ఎకరా తోటలో దాదాపు 60 సెంట్ల నేల మేతకు దొరుకుతుంది. కొమ్మలు పూర్తిగా కలిసిపోయిన ముదురు తోటల్లో ఇది బాగా తగ్గుతుంది. దగ్గర దగ్గరగా నాటిన అధిక సాంద్రత తోటల్లో మొదటి రెండు మూడేళ్లు మాత్రమే వీలవుతుంది.

*కొబ్బరి:* మొదటి ఏడెనిమిదేళ్లు వెలుతురు బాగా పడుతుంది. తర్వాత సుమారు 20–25 ఏళ్ల వయసు వచ్చే వరకు నీడ చిక్కగా ఉంటుంది. ఆ తర్వాత చెట్లు ఎత్తు పెరగడంతో మళ్లీ నేలకు ఎండ తగులుతుంది. కాబట్టి లేత తోటలు, ముదురు తోటలు మేతకు అనుకూలం. నడి వయసు తోటల్లో నీడకు తట్టుకునే కంద, పసుపు వంటివే నయం.

*జీడిమామిడి:* కొమ్మలు నేలదాకా వాలి పెరుగుతాయి కాబట్టి చెట్టు కింద ఏదీ పెరగదు. వరుసల మధ్య మిగిలిన చోటులోనే వేసుకోవాలి. పిక్కలు రాలే కాలానికి ముందే గడ్డి పూర్తిగా కోసేయాలి. లేకపోతే పిక్కల ఏరివేత కష్టమవుతుంది.

*నీలగిరి, సరుగుడు, చింత:* వీటి కింద మేత విత్తనం చల్లి డబ్బు వృథా చేసుకోవద్దు. నీలగిరి తోటలో నీడ పలుచగా ఉన్నా, చెట్లు తేమను లాగేయడం వల్లా, ఆకు చెత్తలోని పదార్థాల వల్లా ఇతర మొక్కలు సరిగా ఎదగవు. చింత కింద నీడ మరీ చిక్కన.

నీడకు తగిన రకాలు

రైతులు ఎక్కువగా చేసే పొరపాటు సూపర్ నేపియర్ కణుపులు తెచ్చి చెట్ల కింద నాటడం. నేపియర్ రకాలన్నీ నిండు ఎండ కోరేవి. జొన్న, అంజన్ గడ్డి, దశరథ గడ్డి కూడా అంతే. వీటిని గట్ల మీద, తోట అంచున ఎండ పడే చోట వేసుకోవాలి. తోట లోపలికి ఈ కింది రకాలు పనికొస్తాయి.

*గినీ గడ్డి:* నీడకు తట్టుకునే మేత గడ్డి రకాల్లో ఇదే ముఖ్యమైనది. బహువార్షికం. దుబ్బులుగా పెరుగుతుంది. ఆకు మెత్తగా ఉండి పశువులు ఇష్టంగా తింటాయి. నీరు నిలిచే నేలలకు పనికిరాదు.

*స్టైలో:* తక్కువ సారం గల ఎర్ర నేలల్లో, మెట్ట ప్రాంతాల్లో నిలిచే పప్పుజాతి మేత. హమాటా రకం సాధారణంగా దొరుకుతుంది. తన విత్తనం తానే రాల్చుకుని మళ్లీ మొలుస్తుంది. అయితే ఇది పలుచని నీడకే తట్టుకుంటుంది. సగం కంటే ఎక్కువ ఎండ పడే పట్టీల్లోనే వేయాలి.

*సెంట్రో:* తీగజాతి పప్పుజాతి మేత. నీడకు స్టైలో కంటే బాగా ఓరుస్తుంది. వర్షం బాగా పడే కోస్తా కొబ్బరి తోటలకు అనుకూలం. తీగ చెట్టుకు పాకకుండా అప్పుడప్పుడు లాగేయాలి.

*అలసంద, పిల్లిపెసర, ఉలవ:* ఒక సీజన్ పైర్లు. త్వరగా నేలను కప్పుతాయి. పలుచని నీడలో మేతకు సరిపడా పెరుగుతాయి. గింజ దిగుబడి మాత్రం ఆశించవద్దు. ఆలస్యమైన చోట ఆగస్టు, సెప్టెంబరులో ఉలవ చల్లుకోవచ్చు.

*పారా గడ్డి:* కాలువ పక్కన, తేమ ఎక్కువగా ఉండే కొబ్బరి తోటల్లో మాత్రమే.

నాలుగైదేళ్ల లోపు లేత మామిడి తోటల్లో గినీ గడ్డి వేయవద్దు. దాని వేర్లు లేత మొక్కతో నీటికి, ఎరువుకు పోటీ పడతాయి. ఆ వయసులో అలసంద, పిల్లిపెసర, ఉలవ వంటి పొట్టి పప్పుజాతి పైర్లే వేసుకోవాలి.

ఎకరా మామిడి తోటకు మిశ్రమం

కింది మోతాదులు ఎకరా తోటలో వాస్తవంగా విత్తే 60 సెంట్ల పట్టీలకు సరిపోతాయి.

సగం, అంతకంటే ఎక్కువ ఎండ పడే తోట:
- గినీ గడ్డి విత్తనం 1 కిలో
- స్టైలో హమాటా 2 కిలోలు
- పిల్లిపెసర 2 కిలోలు
- మేత అలసంద 3 కిలోలు

అలసంద మోతాదు పెంచవద్దు. అది వేగంగా పెరిగి, నెమ్మదిగా మొలిచే గినీ, స్టైలో మొక్కలను కప్పేస్తుంది. మిశ్రమాలు విఫలం కావడానికి ఇదీ ఒక కారణం.

పావు నుంచి సగం ఎండ పడే తోట:
- గినీ గడ్డి పిలకలు 2 అడుగులకు ఒకటి చొప్పున. 60 సెంట్లకు సుమారు 6,500 పిలకలు కావాలి.
- మూడు సాళ్లు గడ్డి, ఒక సాలు సెంట్రో. సెంట్రో దొరకకపోతే పిల్లిపెసర.

బహువార్షిక గడ్డి వద్దనుకునే వారికి:
- అలసంద 6 కిలోలు, పిల్లిపెసర 4 కిలోలు, జనుము 3 కిలోలు. పూత దశలో కొంత మేతకు కోసుకుని, మిగిలినది కోసి చెట్ల పాదుల్లో పరచాలి. జనుము గింజ పశువులకు హాని చేస్తుంది కాబట్టి కాయ పట్టేదాకా ఉంచి మేపవద్దు.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం చేసే రైతులు తొలకరికి ముందే నవధాన్యాలు చల్లే పద్ధతి పాటిస్తున్నారు. ఆ మిశ్రమాన్ని తోటలో చల్లే వారు జొన్న, సజ్జ, నువ్వు వంటి ఎండ కోరే విత్తనాలు తగ్గించి పప్పుజాతి విత్తనాలు పెంచుకోవాలి.

విత్తనాన్ని సిద్ధం చేసుకోవడం

*గినీ గడ్డి:* కోసిన వెంటనే ఈ విత్తనం సరిగా మొలవదు. కొన్ని నెలలు నిల్వ ఉంచాలి. అందుకే ఈ సీజన్‌లో పక్క రైతు దగ్గర దులిపిన విత్తనాన్ని వచ్చే తొలకరికి వాడుకోవాలి. మంచి విత్తనంలో కూడా సగం మొలవకపోవడం సర్వసాధారణం. చల్లడానికి మూడు వారాల ముందే 100 గింజలు తడిగుడ్డలో పెట్టి పరీక్షించుకోవాలి. 20 కూడా మొలవకపోతే ఆ విత్తనం వదిలి పిలకలు నాటుకోవాలి.

*స్టైలో, సెంట్రో:* వీటి గింజ పైపొర గట్టిగా ఉంటుంది. నీరు లోపలికి దిగదు. వేడినీటి శుద్ధి చేయకుండా చల్లితే చాలా గింజలు మొలవకుండా నేలలో ఉండిపోతాయి. 80 డిగ్రీల వేడి నీళ్లు కావాలి. థర్మామీటర్ లేకపోతే మూడు చెంబుల మరిగే నీళ్లకు ఒక చెంబు చన్నీళ్లు కలిపితే దాదాపు ఆ వేడి వస్తుంది. విత్తనాన్ని పలుచని గుడ్డలో వదులుగా మూటకట్టి 4 నిమిషాలు ముంచాలి. వెంటనే తీసి చన్నీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టాలి. ఉదయం నీడలో ఆరబెట్టి విత్తుకోవాలి. విత్తనం కంటే నీళ్లు కనీసం ఐదారు రెట్లు ఉండాలి. మరుగుతున్న నీళ్లలో నేరుగా వేస్తే విత్తనం ఉడికిపోతుంది.

ఆరిన పప్పుజాతి విత్తనాలకు బెల్లం నీళ్లతో రైజోబియం కల్చర్ 200 గ్రాముల ప్యాకెట్ పట్టించాలి. నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తాలి. స్టైలోకు అలసంద వర్గం కల్చర్ పనిచేస్తుంది.

నేల తయారీ, విత్తే విధానం

తోటలో పనులు ఈ వరుసలో జరగాలి: కాయ కోత, కొమ్మల కత్తిరింపు, ఆకు చెత్త తొలగింపు, పైపై దుక్కి, ఎరువు, విత్తడం.

మామిడి ఆకు గట్టిగా ఉండి త్వరగా చివకదు. ఆ పొర మీద చల్లిన గింజ మట్టిని తాకదు. వానకు మొలిచినా వేరు దిగక రెండు రోజుల ఎండకే మాడిపోతుంది. అందుకే పట్టీలోని ఆకును పళ్ల పారతో లాగి చెట్ల పాదుల్లో మొదలుకు తగలకుండా పరచాలి. మట్టి కనిపించేలా చేయడమే సగం పని.

నాగలితో లోతుగా దున్నవద్దు. చెట్టు ఆహారం తీసుకునే సన్నని వేర్లు పైమట్టిలోనే ఉంటాయి. గొర్రుతోనో గుంటకతోనో మూడు అంగుళాలు మించకుండా కదిలిస్తే చాలు. ఆఖరి దుక్కిలో చివికిన పశువుల ఎరువు రెండు టన్నులు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 75 కిలోలు పట్టీల్లో వేసుకోవాలి. ఇది మేతకు మాత్రమే. చెట్లకు ఇవ్వాల్సిన ఎరువును పాదుల్లో మామూలుగానే ఇవ్వాలి. ఆ ఎరువే గడ్డికీ సరిపోతుందనుకుంటే రెండూ దెబ్బతింటాయి.

తెలంగాణలో, కోస్తాలో జూన్ రెండో పక్షం నుంచి జులై వరకు, రెండు మంచి వానలు పడి నేల బాగా తడిశాక విత్తాలి. చిత్తూరు ప్రాంతంలో తోతాపురి కోత జులై దాకా సాగుతుంది కాబట్టి కోత ముగిశాక, ఆగస్టు, సెప్టెంబరు వానలకు విత్తుకుంటే ఈశాన్య రుతుపవన వర్షాలూ కలిసివస్తాయి. ఒక్క చినుకుకే తొందరపడి విత్తితే మొలక ఎండిపోతుంది.

విత్తేటప్పుడు:
- పెద్ద గింజలు, చిన్న గింజలు కలిపి చల్లవద్దు. చిన్నవి సంచి అడుక్కి చేరి చల్లకం సమంగా పడదు.
- ముందుగా అలసంద, పిల్లిపెసర గింజలను అంగుళం లోతులో సాళ్లలో వేసి మట్టి కప్పాలి.
- తర్వాత గినీ, స్టైలో విత్తనాన్ని పది రెట్లు ఇసుక లేదా జల్లించిన పశువుల ఎరువుతో కలపాలి. దాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగం నిలువుగా, రెండో భాగం అడ్డంగా చల్లాలి.
- చిన్న గింజ అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు లోతు మించకూడదు. చల్లాక ముళ్ల కంప లాగి, కాళ్లతో తొక్కితే చాలు.
- చీమలు గినీ విత్తనాన్ని మోసుకుపోతాయి. ఇసుకలో బూడిద, కొద్దిగా వేపపిండి కలిపితే ఈ బెడద తగ్గుతుంది.
- చెట్టు మొదలు చుట్టూ ఆరున్నర అడుగుల మేర ఏమీ చల్లవద్దు.

పిలకలైతే ఆరోగ్యమైన పాత దుబ్బును తవ్వి, ఆకును జానెడు ఎత్తుకు కోసి, వేర్లతో ఉన్న పిలకలుగా విడదీయాలి. గుంటకు రెండు పిలకల చొప్పున నాటి మట్టి గట్టిగా అదమాలి. పై మోతాదులో చెప్పిన 6,500 గుంటలకు రెండేసి పెడితే 13,000 పిలకలు కావాలి. పిలకలు తక్కువగా ఉంటే గుంటకు ఒకటే పెట్టి, చనిపోయిన చోట పది రోజులకు మళ్లీ నాటాలి.

మొదటి రెండు నెలలు

ఈ పైరు నిలుస్తుందా పోతుందా అన్నది మొదటి అరవై రోజుల్లోనే తేలిపోతుంది. గినీ, స్టైలో మొలకలు మొదట చాలా నెమ్మదిగా పెరుగుతాయి. 20–25 రోజులకు ఒకసారి, 40–45 రోజులకు మరోసారి కలుపు తీయాలి. గినీ మొలకకూ కలుపు గడ్డి మొలకకూ తేడా తెలియకపోతే కూలీలు రెండూ పీకేస్తారు. కొద్దిగా విత్తనాన్ని ఒక కుండలో కూడా చల్లి ఉంచుకుంటే పోల్చుకుని చూపించవచ్చు.

వయ్యారిభామ కనిపిస్తే పూతకు ముందే చేతికి తొడుగు వేసుకుని పీకేయాలి. అది మేతలో కలిస్తే పశువుకు హాని. తుమ్మి వంటి పూల మొక్కలు అక్కడక్కడ ఉంటే వదిలేయవచ్చు. తేనెటీగలు వాటి మీద వాలతాయి. మామిడి పూతలో పరాగ సంపర్కం ఎక్కువగా ఈగలు, తేనెటీగల వల్లే జరుగుతుంది. అందుకే తోట అంచున ఎండ పడే చోట అక్టోబరు, నవంబరులో ధనియాలు, ఆవాలు రెండు మూడు సాళ్లు చల్లుకుంటే మామిడి పూత కాలానికి అవీ పూతకు వచ్చి ఈ కీటకాలను తోటకు రప్పిస్తాయి.

30 రోజులకు మీటరు పొడవు, మీటరు వెడల్పు చదరంలో మొక్కలు లెక్కపెట్టాలి. గినీ మొక్కలు 4, స్టైలో మొక్కలు 8–10 ఉంటే పైరు నిలిచినట్లే. అంతకంటే తక్కువైతే వానలు ఉండగానే పిలకలతో ఖాళీలు పూరించాలి.

మొదటి ఏడాది పశువులను, మేకలను, గొర్రెలను తోటలోకి వదలవద్దు. లేత గడ్డిని వేళ్లతో సహా లాగేస్తాయి. మేకలు చెట్ల బెరడు కూడా కొరుకుతాయి. కోసి ఇంటి దగ్గర మేపడమే మంచిది.

కోత, మేపు

విత్తిన 60–75 రోజులకు మొదటి కోత తీయవచ్చు. తర్వాత తేమను బట్టి 40–45 రోజులకు ఒకసారి కోయాలి. నీడలో పెరిగిన గడ్డి మళ్లీ చిగురించడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. అందుకే నేలకు ఆనించి కోయకుండా జానెడు మోడు వదలాలి. మొదలంటా కోస్తే రెండో కోతకే దుబ్బులు చనిపోతాయి. పూత రాకముందే కోయడం కూడా ముఖ్యం. ముదిరితే కాడ గట్టిపడుతుంది. పైగా గింజ రాలి పక్క చేలల్లో కలుపుగా మారుతుంది.

మేత ఎంత వస్తుందో మీరే లెక్కించుకోవచ్చు. చదరపు మీటరులో గడ్డి కోసి తూకం వేయాలి. నాలుగైదు చోట్ల చూసి సగటు తీయాలి. ఉదాహరణకు సగటున ఒక కిలో వచ్చిందనుకుందాం. 60 సెంట్లు అంటే సుమారు 2,400 చదరపు మీటర్లు. అంటే ఒక కోతకు 2,400 కిలోలు. గేదెకు రోజుకు 25 కిలోల చొప్పున రెండు గేదెలకు 48 రోజులు వస్తుంది. వర్షాధారంగా రెండు మూడు కోతలు దొరికినా వానాకాలం, చలికాలం గడిచిపోతాయి. అప్పుడు వరిగడ్డిని వేసవికి దాచుకోవచ్చు. మిగులు గడ్డిని పూతకు ముందు కోసి ఎండబెట్టి దాచినా మంచిదే.

నీడలో పెరిగిన గడ్డిలో నీరు ఎక్కువ, పొడి పదార్థం తక్కువ. పశువు కడుపు నిండినట్లు కనిపించినా బలం తక్కువ అందుతుంది. కోశాక కొన్ని గంటలు వాడ్చి, ఎండు మేతతో కలిపి పెట్టాలి. యూరియా వేసిన వెంటనే, అందులోనూ మబ్బు పట్టిన రోజుల్లో, గడ్డి కోసి మేపవద్దు. వెలుతురు తక్కువైనప్పుడు గడ్డిలో నైట్రేట్లు పేరుకుని పశువుకు ప్రాణాపాయం కలిగించవచ్చు. కోత తర్వాత తేమ ఉన్నప్పుడు పట్టీలకు 10 కిలోల యూరియా మించకుండా వేసి, తర్వాతి కోతకు పూర్తి వ్యవధి ఇవ్వాలి.

చెట్టుకు నష్టం రాకుండా

తోట ఆదాయం ముందు, మేత తర్వాత. ఈ విషయం మరిచిపోకూడదు.

- మామిడికి పూతకు ముందు కొంత బెట్ట అవసరం. అక్టోబరు నుంచి పూత వచ్చే దాకా గడ్డి కోసమని తోటకు నీరు పెట్టవద్దు. పెడితే పూతకు బదులు కొత్త చిగురు వస్తుంది. అక్టోబరు చివర గడ్డిని కోసి అలా వదిలేయాలి. దుబ్బులు ఎండినట్లు కనిపించినా తొలకరికి మళ్లీ చిగురిస్తాయి.
- పిందె కట్టాక నీరు పాదులకే ఇవ్వాలి.
- మామిడిలో పురుగు మందులు పిచికారీ చేస్తే మందు కింది గడ్డి మీదా పడుతుంది. పిచికారీకి ముందే గడ్డి కోసుకోవాలి. మందు చల్లాక డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా ఆ గడ్డిని పశువులకు వేయవద్దు. పాలలోకి మందు అవశేషాలు వస్తాయి.
- పండు ఈగ ఉన్న తోటల్లో రాలిన కాయలను ఏరి నాశనం చేయాలి. గడ్డి ఎత్తుగా ఉంటే కాయలు కనిపించవు. కాయ ఎదిగే కాలంలో గడ్డి పొట్టిగా ఉండాలి. పండు ఈగ, పిండినల్లి తీవ్రంగా ఉన్న తోటలో పాదుల్లో వేసవి తవ్వకం మానవద్దు.
- చెట్టు మొదలు శుభ్రంగా ఉంటేనే కాండం తొలిచే పురుగు పొట్టు రాలడం కనిపిస్తుంది.
- ఎండిన గడ్డికి నిప్పు అంటుకుంటే తోటే పోతుంది. జీడి తోటల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. జనవరి నాటికి ఎండు గడ్డి కోసి బయటకు తరలించాలి. దారి పక్కన, గట్ల వెంట పది అడుగుల మేర నేలను శుభ్రంగా ఉంచాలి.
- గినీ దుబ్బుల్లో పాములు ఉండవచ్చు. బూట్లు వేసుకుని, కర్రతో కదిలించి కోతకు దిగాలి.

రైతులు తరచూ అడిగే ప్రశ్నలు

*నీరు అసలు లేని ఎర్ర నేల తోటలో వేయవచ్చా?*
మట్టి లోతు అడుగు కంటే తక్కువ ఉంటే గినీ వద్దు. వెలుతురు ఉన్న పట్టీల్లో స్టైలో, ఉలవ మాత్రమే వేసుకోవాలి.

*ఒకసారి వేస్తే ఎన్నేళ్లు ఉంటుంది?*
గినీ దుబ్బులు కొన్నేళ్లు నిలుస్తాయి. కానీ చెట్టు పెరిగే కొద్దీ నీడ పెరుగుతుంది. ప్రతి ఏటా తాడుతో మళ్లీ కొలిచి, ఎండ తగ్గిన పట్టీలను వదులుకోవాలి.

*మొత్తం తోటలో ఒకేసారి వేయవచ్చా?*
వద్దు. మొదటి ఏడాది రెండు పట్టీల్లో వేసి చూడండి. ఏ రకం నిలిచిందో, పక్కన గడ్డి లేని చెట్లతో పోలిస్తే పూత, కాత ఎలా ఉన్నాయో గమనించండి. తేడా లేకపోతే, ఆ పట్టీల నుంచే పిలకలు తీసి మిగతా తోటకు విస్తరించుకోవచ్చు. రెండో ఏడాది గినీ విత్తనం ఖర్చు కూడా ఉండదు.

విత్తనం, పిలకల లభ్యత కోసం తొలకరికి నెల ముందే మీ పశువైద్యాధికారిని గానీ, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ సంప్రదించండి. వెళ్లేటప్పుడు తోట వయసు, చెట్ల మధ్య దూరం, తాడు కొలతలో వచ్చిన అంకె కాగితం మీద రాసుకుని వెళ్లండి. అవి తెలిస్తే మీ తోటకు ఏ మిశ్రమం సరిపోతుందో వారు సులువుగా చెప్పగలుగుతారు.